పుష్యరాగమా, సిట్రినా? తూకం చెబుతుంది

తక్కువ ధరకు వచ్చిన కనకపుష్యరాగం నిజానికి సిట్రిన్ కావచ్చా, అసలు సిట్రిన్ ఎక్కడిది అని అడిగారు. కావచ్చు. పుష్యరాగం కెంపు, నీలాల జాతి, గీతలు పడకుండా తట్టుకునే కాఠిన్యం 10కి 9. సిట్రిన్ పసుపు రంగు స్ఫటికం, అంటే క్వార్ట్జ్, కాఠిన్యం 7. ఉత్తరాది వ్యాపారులు దీన్నే సునేలా అంటారు. రంగు చూసి తేల్చకండి. తూకం వేయండి: పుష్యరాగం సాంద్రత 4.0, సిట్రిన్‌ది 2.65.

రాయిని ఇంకా పొదగకపోతే ఇంట్లోనే చూడొచ్చు. 0.01 గ్రాము వరకు చూపే తూకం కావాలి. ముందు పొడి రాయిని తూచండి, 10 క్యారెట్లయితే 2.00 గ్రాములు. తర్వాత నీళ్ల గ్లాసును తూకం మీద పెట్టి సున్నా చేయండి. రాయిని సన్నటి దారంతో పట్టుకుని పూర్తిగా ముంచండి. అడుగుకు తగలనివ్వద్దు, తగిలితే రాయి బరువు కూడా కలిసిపోతుంది. అంకె 0.75 దగ్గర ఆగితే సిట్రిన్, 0.50 అయితే పుష్యరాగం, 0.57 అయితే టోపాజ్ అనే వేరే జాతి రాయి. రాయికి గాలి బుడగలు అంటుకుంటే అంకె పెరిగి పుష్యరాగం కూడా తేలిక రాయిలా కనిపిస్తుంది. నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు వేస్తే బుడగలు నిలవవు. 3 క్యారెట్ల లోపు రాయిలో టోపాజ్‌కీ పుష్యరాగానికీ తేడా తెలియదు. కొన్ని గాజులూ 2.65 దగ్గరే తూగుతాయి, కాబట్టి చివరి మాట ల్యాబ్‌లో రాయి కాంతిని ఎంత వంచుతుందో కొలిచే రిఫ్రాక్టోమీటర్‌దే. సిట్రిన్‌కు 1.544, 1.553 అని రెండు అంకెలు వస్తాయి, గాజుకు ఒకటే.

ఇక పుట్టుక. బజారులోని సిట్రిన్‌లో ఎక్కువ భాగం కాల్చిన అమెథిస్టే, అంటే ఊదా రంగు క్వార్ట్జే. బ్రెజిల్‌లోని రియో గ్రాండే దో సుల్ నుంచి వచ్చే ఊదా రాళ్లను సుమారు 450 డిగ్రీలు దాటించి వేడి చేస్తే లోపలి ఇనుము స్థితి మారి పసుపు, నారింజ రంగులు వస్తాయి. మొనలు ముదురు నారింజగా, మొదళ్లు తెల్లగా ఉన్న స్ఫటికాల గుత్తి కనిపిస్తే అది దాదాపు ఖాయంగా కాల్చినదే. సహజ సిట్రిన్ చాలావరకు లేత పసుపే, ఒక్కోసారి కాస్త పొగరంగు కలిసి ఉంటుంది. బ్రెజిల్, మడగాస్కర్, జాంబియాల్లో దొరుకుతుంది. బొలీవియాలోని అనాయీ గనిలోనైతే ఒకే రాయిలో సగం ఊదా, సగం పసుపు ఉంటాయి, దాని పేరు అమెట్రిన్. కాల్చడం మోసం కాదు, ఆ మాట చెప్పి అమ్మితే చాలు. సిట్రిన్‌ను పుష్యరాగం ధరకు అమ్మడం మాత్రం మోసమే.

ఉంగరం సైజు మార్పించేటప్పుడు రాయి తీసేసి అతుకు పెట్టమని కంసాలికి చెప్పండి. మంట సెగ తగిలితే సిట్రిన్ రంగు మారుతుంది, ఒక్కసారిగా వేడెక్కితే పగులుతుంది.