చిన్నీ, మాల్టా వెళ్లే ముందు ఇది చదువు

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఇది మాల్టా వెళ్తానంటోంది, ఎక్కడుంది ఆ ఊరు?" అంది. సిసిలీకి దిగువన, మధ్యధరా సముద్రం మధ్యలో ఉందని చెప్పాను. మనుషులుండే మూడు దీవులూ కలిపినా 316 చదరపు కిలోమీటర్లే అన్నాను. "నీళ్ల మధ్యలోనా!" అని కాసేపు మాట్లాడలేదు. పిల్ల పెద్దదయింది, భయపడకని మీ అమ్మకి ధైర్యం చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత నాకే నిద్ర పట్టలేదు.

మన ఇంట్లో ఆ నేల మీద కాలు పెట్టింది ఇప్పటిదాకా నేనొక్కణ్ణే. నేను వెళ్లింది ఓడ ఎక్కి, జీతం కోసం. నువ్వు పార్ట్‌టైమ్ చేసి దాచుకున్న డబ్బుతో టికెట్ కొనుక్కుని, కేవలం చూడ్డానికి వెళ్తున్నావు. మీ అమ్మమ్మ బతికుంటే వీధంతా తిరిగి చెప్పేది. నాకూ అలా తిరిగి చెప్పాలనే ఉంది. కానీ అంతకంటే ముందు నీకు చెప్పాల్సింది ఒకటుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. మాల్టా షెంజెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో ఉంది, డబ్బు యూరోనే. పాస్‌పోర్టు, జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ రెండూ దగ్గర పెట్టుకో. అక్కడ ప్లగ్గులు బ్రిటన్ తరహా మూడు పిన్నులవి, జర్మనీ ఛార్జర్ పట్టదు, అడాప్టర్ కొనుక్కో. బళ్లు మనలాగే ఎడమ వైపు నడుస్తాయి. నువ్వు రెండేళ్లుగా జర్మనీ రోడ్లకి అలవాటు పడ్డావు కాబట్టి దాటేటప్పుడు ముందు కుడి వైపు చూడు. నున్నటి అడుగున్న చెప్పులు వద్దు. రాజధాని వలెట్టా వీధులు సగం మెట్లే. సున్నపురాయి జనం నడిచి నడిచి అద్దంలా అయిపోయింది, చినుకు పడితే జారుతుంది.

నాలుగు రోజుల్లో రెండు రోజులు వలెట్టాకే ఇవ్వు. యూరప్ రాజధానుల్లో అంత చిన్నది అరుదు, ఈ చివరి నుంచి ఆ చివరికి పావుగంటలో నడిచేయొచ్చు. అయినా రెండు రోజులు చాలవు. 1565లో ఒట్టోమన్ సైన్యం నాలుగు నెలలు ముట్టడించి వెనక్కి వెళ్లిపోయాక, మళ్లీ రాకుండా ఉండాలని మరుసటి ఏడాదే, 1566లో, బోడి కొండ మీద ఈ ఊరికి పునాది రాయి వేశారు. ముట్టడిని ఎదిరించి నిలబడ్డవాళ్ల నాయకుడు లా వలెట్ పేరే ఊరికి పెట్టారు. గీత గీసినట్టు తిన్నని వీధులు. ఏ వీధిలో నిలబడ్డా చివర నీలంగా సముద్రం కనిపిస్తుంది. ఇళ్లకి బయటికి పొడుచుకొచ్చిన చెక్క బాల్కనీలు, ఒక్కొక్కదానికి ఒక్కో రంగు. సాయంత్రం ఐదింటికి ఎండ వాలేటప్పుడు ఆ రాయి తేనె రంగుకి తిరుగుతుంది. అప్పుడు ఏదైనా మెట్టు మీద కూర్చో. ఫోన్ సంచిలో పెట్టేయ్.

మధ్యాహ్నం పన్నెండింటికి అప్పర్ బరక్కా తోటలో ఉండు. కింద వరసగా ఫిరంగులుంటాయి, రోజూ పన్నెండుకీ సాయంత్రం నాలుగుకీ ఒకటి పేలుస్తారు. ఎదురుగా కనిపించేదే గ్రాండ్ హార్బర్. అక్కడి నుంచి లిఫ్టులో కిందికి దిగితే అవతలి ఒడ్డున ఉన్న బిర్గు అనే ఊరికి పడవలు దొరుకుతాయి. పడవలోంచి ఎడమ చేతికి సెయింట్ ఆంజెలో కోట, కుడి వైపు క్రేన్లు కనిపిస్తాయి. ఆ క్రేన్లున్న చోటే 1988లో మా ఓడ టెయిల్ షాఫ్ట్ సీల్ పని కోసం, అంటే ప్రొపెల్లర్ ఇరుసు దగ్గర నీళ్లు లోపలికి రాకుండా ఆపే బిగింపు బాగుచేయడానికి, పద్దెనిమిది రోజులు డ్రైడాక్‌లో, నీళ్లు తోడేసి ఓడని బాగుచేసే రేవులో ఉంది. నేనప్పుడు ఫోర్త్ ఇంజనీర్ని. పెళ్లయి ఎనిమిది నెలలు.

ఇక ఆ మాటకి వస్తున్నాను.

మా హాల్లో టీవీ పైన ఫ్రేమ్ కట్టిన ఫోటో ఉంది కదా, తెల్లటి బండల మీద నేను నడుము మీద చేతులు పెట్టుకుని నవ్వుతుంటాను, వెనక సముద్రం. చిన్నప్పుడు నువ్వు "మావయ్య హీరోలా ఉన్నాడు" అనేదానివి. అది మాల్టాలో తీసిందే. వలెట్టాకి అవతల ఉన్న స్లీమా అనే ఊరి ఒడ్డున. ఈసారి వైజాగ్ వచ్చినప్పుడు దగ్గరికెళ్లి చూడు. నా ఎడమ భుజం వెనక సన్నగా ఒక తెల్లటి గీత ఉంటుంది. ముప్పై ఏళ్లుగా ఆ ఫోటో అందరూ చూశారు, ఆ గీత ఏమిటని ఎవరూ అడగలేదు.

నవంబరు నెల. రెండు రోజులు ఈశాన్యం నుంచి గాలి వీచింది. దాన్ని అక్కడ గ్రిగాల్ అంటారు. బైబిల్లో పౌలు ఎక్కిన ఓడని విరగ్గొట్టింది ఆ గాలేనని అక్కడివాళ్లు చెబుతారు. మూడో రోజు గాలి పూర్తిగా పడిపోయింది. ఆకాశం కడిగినట్టుంది. ఆదివారం, డ్యూటీ లేదు. మా ఓడలో సెకండ్ కుక్ కాకినాడ కుర్రాడు, వాడి దగ్గర కొత్త కెమెరా ఉంది. అత్తయ్యకి ఒక మంచి ఫోటో పంపాలని నా ఆశ. ఇద్దరం బస్సెక్కి స్లీమా వెళ్లాం.

అక్కడ ఇసుక బీచ్ ఉండదు. పలకలు పలకలుగా సున్నపురాయి సముద్రంలోకి దిగిపోతుంది. పూర్వం స్నానాల కోసం ఆ రాయిలోనే చతురస్రంగా గుంటలు తవ్వారు, ఇప్పటికీ ఉన్నాయి. పైన రోడ్డు మీద జనం ఐస్‌క్రీమ్ తింటూ తిరుగుతున్నారు. పైనుంచి చూస్తే సముద్రం నిద్రపోతున్నట్టే ఉంది. నేను కిందికి దిగాను. "ఇంకొంచెం వెనక్కి, ఇంకొంచెం" అన్నాడు వాడు. వెనక్కి వెళ్లాను. సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డాను. నవ్వాను. వాడు బటన్ నొక్కాడు.

నాకు అల చప్పుడు వినపడలేదు, చిన్నీ. కెమెరా పక్కన వాడి మొహం మారిపోవడం చూశాను, అంతే. వెనక నుంచి నడుము మీద ఎవరో బస్తాతో కొట్టినట్టయింది. బోర్లా పడ్డాను. పడటం పెద్ద సంగతి కాదు. ఆ నీళ్లు వెనక్కి పోయేటప్పుడు నన్ను కూడా తీసుకుపోయాయి. రాయి మీద పచ్చగా నాచు, సబ్బులా ఉంది. పట్టుకుందామంటే చేతికి ఏమీ అందలేదు. చివరికి ఆ స్నానాల గుంట అంచు నా ఎడమ మోచేతికి తగిలింది. చెయ్యి చీరుకుపోయింది, కానీ ఆ అంచే నన్ను ఆపింది.

పైన గాలం వేసుకుంటున్న ఒక ముసలాయన దిగి వచ్చాడు. పరిగెత్తలేదు. పొడి రాయి ఉన్నంత వరకు వచ్చి, బోర్లా పడుకుని, చేపల్ని ఎత్తే వల కర్ర నా వైపు చాచాడు. నేను లేచి పరిగెత్తబోయాను. ఆయన గట్టిగా "బిల్‌మోడ్, బిల్‌మోడ్" అన్నాడు. మాట అర్థం కాలేదు, గొంతు అర్థమయింది. పాకుతూ రమ్మంటున్నాడు. పడుకునే ఉన్నాను. రెండో అల నా మీంచి పోయింది. లేచి ఉంటే అదే నన్ను తీసుకుపోయేది. తర్వాత కర్ర పట్టుకుని పాక్కుంటూ వచ్చాను. ఆయన తన చొక్కా విప్పి నా చేతికి కట్టాడు. పదకొండు కుట్లు పడ్డాయి. ఓడ దిగి ఊళ్లోకి వెళ్లడానికిచ్చే షోర్ పాస్, పర్సు నీళ్లలో పోయాయి. మిగిలిన రోజులు కేబిన్‌లోనే పడుకున్నాను. ఆయన పేరు అడగాలన్న ధ్యాస కూడా నాకు రాలేదు. బిల్‌మోడ్ అంటే నెమ్మదిగా అని తర్వాత డాక్ కూలీ ఒకాయన చెప్పాడు.

ఇంటికి ఏం రాశానో తెలుసా? ఇంజిన్ రూమ్ నిచ్చెన మీంచి జారానని. పోస్టులో ఆ ఫోటో పంపాను. అత్తయ్య దానికి ఫ్రేమ్ కట్టించింది. ఇన్నేళ్లలో నిజం ఎవరికీ చెప్పలేదు, నీకే మొదటిసారి.

అందుకే ఈ నాలుగు మాటలు మాత్రం కచ్చితంగా పాటించాలి. గాలి ఆగినంత మాత్రాన సముద్రం ఆగదు. ఎక్కడో పుట్టిన అల రెండు రోజుల తర్వాత కూడా వస్తుంది. ఒడ్డుకి దిగే ముందు పది నిమిషాలు పైన నిలబడి చూడు. చిన్న అలలు కొన్ని వచ్చాక ఉన్నట్టుండి ఒక పెద్దది రావచ్చు. రాయి రంగు చూడు, తెల్లగా పొడిగా ఉన్నంత వరకే నీ హద్దు. తడిగానో, పచ్చగానో, నల్లగానో ఉందంటే అక్కడిదాకా నీళ్లు వస్తాయని అర్థం. ఎప్పుడూ సముద్రానికి వీపు పెట్టకు, ఎవరు ఎంత బాగా ఫోటో తీస్తానన్నా సరే. నీకు ఈత వచ్చని తెలుసు. కొలనులో ఈత వేరమ్మా. రుషికొండలో ఏటా ఎంతమంది పిల్లల కోసం తల్లులు ఒడ్డున కూర్చుని ఏడుస్తున్నారో చూస్తూనే ఉన్నాం, వాళ్లలో ఈత వచ్చినవాళ్లూ ఉన్నారు. కొమినో దీవికి పడవలో వెళ్తామని మీ స్నేహితులు అంటారు, నీలి నీళ్లు చాలా అందంగా ఉంటాయి. వెళ్లు. అలలు లేని రోజు చూసుకుని వెళ్లు. బండ మీంచి దూకే పోటీలు పెట్టుకుంటే నువ్వు మాత్రం కూర్చుని చూడు. పిరికిదంటారా, అననీ.

కోప్పడుతున్నానని అనుకోకు.

2003లో మళ్లీ వెళ్లాను, అప్పటికి చీఫ్ ఇంజనీర్ని. ఓడ అక్కడి ఫ్రీపోర్ట్ అనే కంటైనర్ రేవులో ఆగింది, ఆరు గంటలు సెలవు దొరికింది. మొదటిసారి చూడలేకపోయిన సెయింట్ జాన్ చర్చికి వెళ్లాను. బయటికి గోడౌన్‌లా ఉంటుంది, లోపల అడుగడుగునా బంగారం. నేలంతా రంగురాళ్లతో చేసిన సమాధి పలకలు, దాదాపు నాలుగు వందలు. పక్క గదిలో కరవాజ్జో 1608లో గీసిన బొమ్మ ఉంది, బాప్తిస్మమిచ్చే యోహాను తల నరుకుతున్న దృశ్యం. గోడంత బొమ్మ. సగం చీకటే. కిటికీ ఊచల వెనక నుంచి ఇద్దరు ఖైదీలు చూస్తుంటారు. కింద కారిన రక్తంలోనే ఆ చిత్రకారుడు తన పేరు రాశాడు, ఆయన సంతకం ఉన్న బొమ్మ అదొక్కటే. రోమ్‌లో ఒకణ్ణి చంపి పారిపోయి వచ్చినవాడు, ఇక్కడా గొడవ పడి, నువ్వు పడవలోంచి చూసే ఆ సెయింట్ ఆంజెలో కోట జైల్లోంచి తప్పించుకుపోయాడు. భుజాలు కప్పుకుని వెళ్లు, సన్న మడమ చెప్పులు రానివ్వరు. ఆదివారం సందర్శకులకి తెరవరు, మిగతా రోజు చూసుకో.

అక్కణ్ణుంచి స్లీమా వెళ్లాను. గాలాలు వేసేవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు, అందరూ కుర్రాళ్లే. పైన బెంచీ మీద అరగంట కూర్చుని వచ్చేశాను.

సెయింట్ ఎల్మో కోటలో యుద్ధ మ్యూజియం ఉంది. నాకోసం వెళ్లు. 1942 ఆగస్టులో ఆ దీవి ఆకలితో చచ్చిపోయే స్థితిలో ఉంటే పద్నాలుగు సరుకు ఓడలు బయల్దేరాయి, అయిదే చేరాయి. వాటిలో ఒహాయో అనే చమురు ఓడకి దారిలో ఇంజిన్లు ఆగిపోయాయి, నడుము విరిగింది. రెండు యుద్ధనౌకలు చెరో పక్క చేరి, మునిగిపోకుండా మోసుకుంటూ ఆగస్టు 15న ఈ హార్బర్‌లోకి తెచ్చాయి. ఆగిపోయిన ఇంజిన్ పక్కన నిలబడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు. వాళ్లెవరో నాకు తెలియదు కానీ నావాళ్లే అనిపిస్తుంది.

భూగర్భంలో తొలిచిన హల్ సఫ్లీనీ సమాధులు నేను చూడలేదు. అయిదు వేల ఏళ్ల పైబడినవి. గంటకి పదిమందినే పంపుతారు, టికెట్లు నెలల ముందే అయిపోతాయి. ఇది చదవగానే ఉన్నాయేమో చూడు. ఆదివారం ఉంటే మార్సష్లోక్ చేపల సంత చూడు, అక్కడి పడవల ముక్కుకి రెండు కళ్లు గీసి ఉంటాయి. ఆకలేస్తే పాస్టిజ్జీ తిను, పొరలు పొరలుగా పఫ్‌లా ఉంటుంది, బఠాణీలు పెట్టింది అడుగు. "గ్రాట్సి" అంటే థ్యాంక్స్. బేకరీ ముసలమ్మలు ఆ ఒక్క మాటకే కరిగిపోతారు.

రోజూ రాత్రి రూముకి చేరగానే నాకొక మెసేజ్ పెట్టు, ఒక్క ముక్క చాలు. ఫోటోలు పంపు. స్లీమా ఒడ్డున తీస్తే పైన రోడ్డు మీద, రెయిలింగ్‌కి ఇవతల నిలబడి తీయించుకో. ఎవరైనా ముసలాయన గాలం వేసుకుంటూ కనిపిస్తే కాసేపు పలకరించు.

అత్తయ్య వంటింట్లో ఉంది, ఇంతసేపు ఏం రాస్తున్నావని రెండుసార్లు అడిగింది. ఇవాళ రాత్రి భోజనాలయ్యాక ఆ ఫోటో సంగతి తనకి చెప్పేస్తాను. నేను చెప్పానని నీకు మెసేజ్ పెట్టేదాకా నువ్వు మాత్రం తనకి ఫోన్ చేయకు.

మావయ్య