చవక పీప్ సైట్ చాలు, కానీ ముందువైపు పోస్ట్ ఎత్తు కొలిచారా?

ప్రశ్న: నాకు యాభై దాటాయండి. వేట రైఫిల్‌తో పాటు వచ్చిన మామూలు సైట్స్‌లో వెనక గాడి ఈమధ్య ఉత్త మసకగా ఉంటోంది. స్కోప్ బరువు నావల్ల కాదు. వెనక గాడి బదులు సన్న బెజ్జం ఉండే పీప్ సైట్ చవకలో పెట్టుకోమంటున్నారు, మరి అంత చిన్న బెజ్జంలోంచి వేటలో ఏం కనపడుద్ది? నేనే బిగించుకోవచ్చా?

జవాబు: కనపడుద్దండీ, ఇప్పటికంటే బాగానే. కళ్లజోడు తీసేసి, అట్టముక్కకి పిన్నుతో బెజ్జం పెట్టి, కంటికి దగ్గరగా పట్టుకుని ఫోన్‌లో అక్షరాలు చూడండి, అప్పటిదాకా అలికేసినట్టున్నవి కాస్త చీకటిగానైనా తేటగా వస్తాయి. పీప్ సైట్ చేసేదీ అదే. గాడి సైట్‌తో అయితే గాడి, గొట్టం చివర నిలబడి ఉండే ముందు పోస్ట్, జంతువు మూడూ ఒకేసారి తేటగా కావాలి, మన వయసు కన్ను అంత చాకిరీ చెయ్యదు. పీప్‌లో బెజ్జం అంచు మసగ్గా ఉన్నా నష్టం లేదు, పోస్ట్‌ని మధ్యలోకి తెచ్చుకోవడం కన్ను దానంతటదే చూసుకుంటుంది, మీరు కొలుస్తూ కూర్చుంటేనే చెడుతుంది.

చవక దానికీ ఖరీదైన దానికీ ముఖ్యమైన తేడా అడ్జస్ట్‌మెంట్‌లోనే. ఖరీదైనవాటికి క్లిక్ క్లిక్ మంటూ తిరిగే నాబ్స్ ఉంటాయి, విలియమ్స్ డబ్ల్యూజీఆర్ఎస్ లాంటి చవకవాటికి స్క్రూ వదులు చేసి, చేత్తో జరిపి, మళ్లీ బిగించాలి. ఒకసారి జీరో చేసి, అంటే గురిపెట్టిన చోటే బుల్లెట్ పడేలా సరిచేసి, వదిలేసే వేట రైఫిల్‌కి నన్నడిగితే ఇదే నయం, కొమ్మ తగిలి తిరిగిపోయే నాబ్ ఉండదు.

మ్యాగజైన్ తీసి, తూటా కూర్చునే ఛాంబర్ ఖాళీయో కాదో కంటితోనూ వేలితోనూ చూసుకున్నాకే పని మొదలెట్టండి. రిసీవర్‌కి, అంటే బోల్ట్ ఆడే లోహపు భాగానికి, కంపెనీ వేసిన మర చిల్లులుండి, వాటికి సరిపోయే మోడల్ దొరికితే మీరే బిగించుకోవచ్చు, లేకపోతే డ్రిల్ జోలికి పోకుండా గన్‌స్మిత్‌కి ఇచ్చేయండి. స్క్రూ ఒకటి రెండు మరలు పొడుగైనా లోపల తూటాని ఛాంబర్‌లోకి నెట్టే బోల్ట్‌ని పట్టేస్తుంది, అందుకే ఒక్కో స్క్రూ బిగించగానే బోల్ట్ ఆడించి చూడండి. చిల్లుల్లో నూనె తుడిచేసి స్క్రూ వదులవకుండా పట్టే నీలం థ్రెడ్‌లాకర్ ఒక చుక్క వెయ్యండి. పాత వెనక సైట్ తీసెయ్యండి, ఉంచితే బెజ్జంలో అదే అడ్డం. బెజ్జం ఉండే బిళ్ల, అదే డిస్క్, మాత్రం పెద్ద బెజ్జందే, చిన్నవి టార్గెట్ వాళ్లకి, పొద్దువాలితే వాటిలోంచి ఏమీ కనపడదు.

ప్రశ్న: పీప్ బిగించాను. 100 మీటర్లలో బుల్లెట్లు 20 సెంటీమీటర్లు పైన పడుతున్నాయి, వెనక సైట్ అట్టడుగుకి దించేసినా అంతే. చవకది కొన్నందుకా?

జవాబు: పాపం దాని తప్పేం లేదు. పీప్ పాత గాడి కంటే ఎత్తులో కూర్చుంది, మీ ముందు పోస్ట్ దానికి పొట్టిదైపోయింది. చాలామంది ఇక్కడే బోల్తా పడి, సైట్ వాపస్ పంపేస్తుంటారు. వెనక సైట్‌ని బుల్లెట్ ఎటు పోవాలో అటు జరపాలి, ముందుది దానికి ఉల్టా, కాబట్టి మీకు ఎత్తు పోస్ట్ కావాలి. ఎంత ఎత్తంటే, రెండు సైట్ల మధ్య దూరం 600 మిల్లీమీటర్లు అనుకుందాం, తేడా 200 మిల్లీమీటర్లు, దాన్ని 600తో గుణించి 1,00,000తో (100 మీటర్లంటే అన్ని మిల్లీమీటర్లు) భాగిస్తే 1.2 మిల్లీమీటర్లు. ఇప్పుడున్న పోస్ట్ ఎత్తుకి అది కలపండి, ఇంకాస్త ఎక్కువదే తెచ్చుకోండి, ఆకురాయితో తగ్గించగలం గానీ పెంచలేం కదా. రుద్దేటప్పుడు రెండు రుద్దులకోసారి కాల్చి చూసుకోండి, రుద్దేకొద్దీ బుల్లెట్ పైకెక్కుతుంది. అన్నట్టు ఆ 600 మీ రైఫిల్‌ది కాదు, పీప్ బెజ్జం నుంచి పోస్ట్ దాకా టేప్ పెట్టి కొలుచుకోండి, పాత గాడి నుంచి కాదు.