బెర్గెన్‌లో ఒక్క రోజు

ప్రశ్న: అక్కా, నార్వే తీరం వెంట ఓడలో తిరిగి చివరికి బెర్గెన్‌లో దిగుతాం. విమానానికి ఒక్క రోజే టైముంది. నాన్నకు మోకాళ్ల నొప్పులు. ఏం చూపించాలి?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: ముందు గొడుగు సంగతి చెప్తా తమ్ముడూ. కాజీపేటలో కొన్న నా గొడుగు అక్కడి రేవు గాలికి పది నిమిషాల్లో తిరగబడింది. ఏడాదిలో 200 రోజులకు పైగా వాన పడే ఊరది. టోపీ ఉన్న రెయిన్‌కోటు పెట్టుకో.

పొద్దున్నే బ్రిగ్గెన్‌కు పోండి. ఒకదాని మీదికొకటి ఒరిగినట్టుండే చెక్క ఇళ్లు. సుమారు 1360 నుంచి జర్మన్ వర్తకులు ఇక్కడ ధాన్యం అమ్మి ఎండు చేపలు కొనేవారు. 1702లో అంతా కాలిపోతే మళ్లీ పాత పద్ధతిలోనే కట్టారు. నిప్పంటే ఎంత భయమంటే, ఆ ఇళ్లలో పొయ్యే వెలిగించనిచ్చేవారు కాదు. వంటకూ, చలి కాచుకోవడానికీ వెనక వేరే గదులు! అందరూ ముందు ఫొటో దిగి వెళ్లిపోతారు. మీరు సందుల్లోకి వెళ్లండి, అసలు ఊరు అక్కడుంది.

పక్కనే హోకోన్ రాజు హాలు. 1261లో కొడుకు పెళ్లి విందు అందులోనే. కాస్త అటూఇటూగా అప్పుడే మన ఓరుగల్లులో రుద్రమ పాలన మొదలైంది. వేయి స్తంభాల గుడి చూసిన కళ్లకు మాత్రం అది బోసిగానే ఉంటుంది.

నాన్న కోసం ఫ్లోయెన్ కొండ. 1918 నుంచి నడుస్తున్న తాడు రైలు 320 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. చేపల మార్కెట్ ధరలు చూసి భయపడి, నేను ఆ కొండ మీద కూర్చుని సకినాలే తిన్నా.