న్యూట్రిషన్ చదువుతూ వాతావరణ విధానాల వైపు వెళ్లొచ్చా?

ప్రశ్న: నేను డిగ్రీ రెండో ఏడాది న్యూట్రిషన్ చదువుతున్నాను. మన తిండి తీరు మారితే వాతావరణ మార్పుల తీవ్రత తగ్గుతుందని చదివినప్పటి నుంచి, ఆ విధానాల మీదే పనిచేయాలనిపిస్తోంది. అమ్మానాన్నలేమో ఆసుపత్రిలో డైటీషియన్‌గా స్థిరపడమంటున్నారు. అసలు ఇలాంటి ఉద్యోగాలు ఉన్నాయా? కోర్సు వదిలేసి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లోకి మారాలా?

జవాబు: కోర్సు మాత్రం మారకండి. వాతావరణం గురించి మాట్లాడేవాళ్లలో కర్బన ఉద్గారాల లెక్క తెలిసినవాళ్లు చాలామందే ఉన్నారు. మనిషికి రోజుకు ఎంత ప్రొటీన్ కావాలో, ఐరన్, బి12 ఎక్కడి నుంచి వస్తాయో తెలిసినవాళ్లు తక్కువ. మాంసం అతిగా తినే సమాజానికి తగ్గించమని చెప్పొచ్చు. అదే మాట పోషకాహార లోపంతో ఉన్న పసిపిల్లలకు వర్తింపజేస్తే హాని జరుగుతుంది. ఈ తేడా చెప్పగల మనిషి విధానం రాసేచోట ఉండి తీరాలి. ఆ మనిషి మీరే ఎందుకు కాకూడదు?

ఉద్యోగాల సంగతి తెలియాలంటే ఈ రంగం ఎక్కడిదాకా వచ్చిందో చూడాలి. పొలం, పశువులు, అడవుల నరికివేత, ఎరువులు, రవాణా, పారబోత అన్నీ కలిపితే, మనుషుల వల్ల వెలువడే గ్రీన్‌హౌస్ వాయువుల్లో దాదాపు మూడో వంతు ఆహారానిదే. అయినా 2015 నాటి పారిస్ ఒప్పందంలో ఆహార భద్రత, ఆహార ఉత్పత్తి అన్న ప్రస్తావనలే తప్ప మనం ఏం తింటున్నామన్న ఊసు లేదు. 2017లో ఐక్యరాజ్య సమితి వార్షిక వాతావరణ సదస్సు కాప్‌23లో ‘కొరోనివియా’ పేరుతో వ్యవసాయానికి ప్రత్యేక కార్యక్రమం మొదలైంది. 2022లో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్‌లో జరిగిన సదస్సులో దాని స్థానంలో నాలుగేళ్ల కొత్త కార్యక్రమం వచ్చింది. దాని పేరులోనూ ‘వ్యవసాయం, ఆహార భద్రత’ అనే ఉంది. ‘ఆహార వ్యవస్థలు’ అన్న మాట లేదు. ఒక్క మాటకు ఇంత పట్టింపేమిటి అనుకోకండి. ఆహార భద్రత అన్నప్పుడు చర్చ ఎక్కువగా పండించడం చుట్టూనే తిరుగుతుంది. ఆహార వ్యవస్థ అంటే కొనడం, వండడం, తినడం, పారేయడం కూడా లెక్కలోకి వస్తాయి. 2023లో దుబాయ్ సదస్సులో 150కి పైగా దేశాలు ఆ మాట వాడిన ప్రకటనపై సంతకం చేశాయి. వ్యవసాయాన్నీ ఆహార వ్యవస్థలనూ తమ జాతీయ వాతావరణ ప్రణాళికల్లో చేరుస్తామన్నాయి. అది చట్టబద్ధమైన ఒప్పందం కాదు. సంతకం పెట్టడం తేలిక, దాన్ని శాఖల వారీగా పనుల్లోకి దించడమే కష్టం. మీరు వెతుకుతున్న ఉద్యోగం సరిగ్గా ఆ మధ్యలో ఉంది.

మీకు అన్నిటికంటే దగ్గర దారి ఆహార మార్గదర్శకాలు. ‘ఏం తినాలి, ఎంత తినాలి’ అని ప్రభుత్వాలు అధికారికంగా ఇచ్చే సూచనలు ప్రపంచంలో 100కు పైగా దేశాల్లో ఉన్నాయి. వాటిలో పర్యావరణాన్ని లెక్కలోకి తీసుకున్నవి కొన్నే. 2023లో నార్డిక్ దేశాల సిఫార్సులు, 2024లో జర్మనీ సూచనలు ఆరోగ్యంతో పాటు పర్యావరణాన్నీ చూశాయి. ఇది ముఖ్యంగా న్యూట్రిషన్ వాళ్ల పని. బడులు, ఆసుపత్రులు, క్యాంటీన్లు ఏం కొనాలన్న నిబంధనలు చాలాచోట్ల ఈ సూచనల నుంచే పుడతాయి.

ఇక మీ అమ్మానాన్నల మాట. వాళ్లు చెప్పేది మీ కోరికకు అడ్డు కాదని నా గట్టి నమ్మకం. న్యూయార్క్ నగర ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2022 నుంచి రోగులకు ముందుగా శాకాహార భోజనమే సూచిస్తున్నారు. మాంసం కావాలంటే అడిగి తీసుకోవచ్చు. అడిగే అవకాశం ఉన్నా, సగానికి పైగా రోగులు మొదట సూచించినదానితోనే సరిపెట్టుకున్నారు. ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు, ఎవరి కంచంలోంచీ ఏదీ లాక్కోలేదు. మెనూలో వరస మారిందంతే. ఇలాంటి మార్పు రోగికి సరిపడేలా చేయాలంటే డైటీషియన్ ఉండాల్సిందే. కాబట్టి డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఆసుపత్రిలో చేయండి. పెద్ద వంటగది ఎలా నడుస్తుందో, టెండర్లు ఎలా పిలుస్తారో దగ్గరుండి చూడండి. ఆ తర్వాత పబ్లిక్ హెల్త్ న్యూట్రిషన్‌లోనో, ఫుడ్ పాలసీలోనో పీజీకి వెళ్లండి. ఇంట్లో ఒక నిజం కూడా చెప్పండి: అంతర్జాతీయ సంస్థల్లో, స్వచ్ఛంద సంస్థల్లో తొలి ఉద్యోగాలు చాలావరకు ఏడాది, రెండేళ్ల కాంట్రాక్టులే. చేతిలో డైటీషియన్ అర్హత ఉంటే ఆ మధ్య ఖాళీలు భయపెట్టవు.

ప్రకటనల్లో మీరనుకున్న పేరుతో ఉద్యోగం కనిపించకపోవచ్చు. న్యూట్రిషన్ ఆఫీసర్, ఫుడ్ సిస్టమ్స్ అనలిస్ట్, పబ్లిక్ ప్రొక్యూర్‌మెంట్, ఫుడ్ వేస్ట్ అన్న మాటలతో వెతకండి. రోమ్‌లోని ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ), జెనీవాలోని డబ్ల్యూహెచ్‌ఓ అందరికీ తెలిసినవే. నగర పాలక సంస్థలను మాత్రం చాలామంది మరచిపోతారు. 2015లో మొదలైన మిలాన్ ఆహార విధాన ఒప్పందంలో ఇప్పుడు 200కు పైగా నగరాలున్నాయి.

ఈలోగా రెండు పనులు నేర్చుకోండి. మొదటిది ముసాయిదా చదవడం. ఏటా జూన్‌లో జర్మనీలోని బాన్‌లో జరిగే ఐక్యరాజ్య సమితి వాతావరణ చర్చల పత్రాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఏకాభిప్రాయం కుదరని మాటలు చదరపు కుండలీకరణాల్లో ఉంటాయి. ‘చేయాలి’ అన్నది ‘చేయడం మంచిది’గా, చివరికి ‘చేయవచ్చు’గా ఎలా పలచబడుతుందో ఒక పేరా పట్టుకుని గమనించండి.

రెండోది లెక్క. ఒక పదార్థం పొలం నుంచి చెత్తబుట్ట దాకా ఎంత భారం మోపుతుందో తేల్చే పద్ధతిని ఎల్‌సీఏ అంటారు. ఓపెన్‌ఎల్‌సీఏ సాఫ్ట్‌వేర్, ఎఫ్‌ఏఓ గణాంకాలు రెండూ ఉచితమే. మీ కాలేజీ క్యాంటీన్‌తోనే మొదలుపెట్టండి. అనుమతి తీసుకుని, ఒక వారం పాటు వండింది ఎంతో, పళ్లాల్లో మిగిలింది ఎంతో వంటకం వారీగా తూచి రాసుకోండి. పోషక విలువ ఒక వరసలో, ఉద్గారాలు పక్క వరసలో వేసి, రెండు పేజీల నోట్ క్యాంటీన్ నిర్వాహకులకు ఇవ్వండి. వాళ్లు ఒక్క వంటకం మార్చినా, అది మీ సీవీలో మొదటి వరసలో రాసుకోవాల్సిన విషయం. మార్చకపోతే ఎందుకు మార్చలేదో అడిగి, ఆ కారణాన్నీ నోట్‌లో చేర్చండి. పీజీ ఇంటర్వ్యూలో మిమ్మల్ని దాని గురించే ఎక్కువసేపు అడుగుతారు.