తీవ్రమైన వైరల్ జబ్బులో రక్తనాళాల ప్రోటీన్లు ప్రాణాపాయాన్ని ముందే చెప్తాయా?

కోవిడ్ లాంటి జబ్బు ముదిరినప్పుడు, రక్తనాళాల నుంచి వచ్చే ప్రోటీన్లను బట్టి ఎవరికి ప్రాణాపాయమో తెలుస్తుందా అని ప్రశ్న. కొంతవరకు తెలుస్తుంది.

రక్తనాళాల లోపల ఒకే ఒక్క కణం మందంతో ఎండోథీలియం అనే పొర ఉంటుంది. రక్తం అనవసరంగా గడ్డకట్టకుండా, నీరు బయటికి కారకుండా చూసేది అదే. ఈ కణాల్లోని చిన్న సంచుల్లో వాన్ విల్‌బ్రాండ్ ఫ్యాక్టర్, యాంజియోపొయిటిన్-2 అనే రెండు ప్రోటీన్లు కలిసి నిల్వ ఉంటాయి. ఇన్‌ఫెక్షన్‌తో వాపు ముదిరితే రెండూ రక్తంలోకి వచ్చేస్తాయి. మొదటిది ప్లేట్‌లెట్లను అతికిస్తుంది. రెండోది, నన్నడిగితే ముఖ్యంగా చూడాల్సింది ఇదే, కణాల మధ్య పట్టును వదులు చేస్తుంది. ఊపిరితిత్తుల్లో అలా జరిగితే గాలి గదుల్లోకి నీరు చేరి ఆక్సిజన్ పడిపోతుంది. డెంగీలో ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవం, నాళాల బయటికి కారేవాళ్లలో కూడా యాంజియోపొయిటిన్-2 ఎక్కువగానే కనిపిస్తుంది.

ఈ కణాల పైన ఉండే థ్రాంబోమాడ్యులిన్ అనే ప్రోటీన్ తెగి రక్తంలో పెరిగిందంటే పొర దెబ్బతిన్నట్టే. 2020లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీ పరిశోధకులు 68 మంది కోవిడ్ రోగులను పరిశీలించారు. థ్రాంబోమాడ్యులిన్ మిల్లీలీటరుకు 3.26 నానోగ్రాములు దాటినవాళ్లలో కోలుకుని డిశ్చార్జ్ అయినవాళ్లు తక్కువ.

అంకె ఎక్కువుందని ఇంట్లోవాళ్లు మాత్రం టెన్షన్‌తో ఆశ వదులుకోవద్దు, దయచేసి. ఇవి చాలామందిని కలిపి చూసిన లెక్కలు. కిడ్నీలు సరిగా పనిచేయకపోయినా థ్రాంబోమాడ్యులిన్ పెరుగుతుంది. ‘ఓ’ (O) గ్రూపు రక్తం ఉన్నవాళ్లకు వాన్ విల్‌బ్రాండ్ ఫ్యాక్టర్ సహజంగానే తక్కువ. అందుకే వార్డులో డాక్టర్లు ముందు ఆక్సిజన్, బీపీ, మూత్రం, డి-డైమర్ (రక్తం గడ్డలు కరిగేటప్పుడు వచ్చే ముక్క) రోజురోజుకూ ఎటు పోతున్నాయో చూస్తారు.