కార్బన్ ధరను ఆస్ట్రేలియా లిబరల్ పార్టీ మొదటి నుంచీ వ్యతిరేకించిందా?

లేదు, కార్బన్ ఉద్గారాలకు ధర కట్టే పథకం తెస్తామని 2007 ఎన్నికల్లో ఆ పార్టీయే, జాన్ హోవర్డ్ నాయకత్వంలో, హామీ ఇచ్చింది. 2009 డిసెంబరులో మాట మారింది. ఈ విషయంలో, 2007లో గెలిచిన ప్రత్యర్థి లేబర్ పార్టీ ప్రభుత్వంతో ఒప్పందానికి సిద్ధపడ్డ అప్పటి లిబరల్ నాయకుడు మాల్కం టర్న్‌బుల్‌ను టోనీ అబాట్ ఒకే ఒక్క ఓటు తేడాతో ఓడించి పార్టీ నాయకుడయ్యారు. కార్బన్‌కు ధర పెట్టాలంటే నేరుగా పన్ను వేస్తే సరిపోతుంది కదా అని అదే ఏడాది అన్నది కూడా అబాటే! వ్యతిరేకిస్తే ఓట్లొస్తాయన్న లెక్కే ఈ యూటర్న్‌కు అసలు కారణం.

ఉదాహరణకు, ఈ ధర వస్తే ఉక్కు పట్టణం వయాలా మ్యాప్‌లోనే లేకుండా పోతుందని ఆయన ప్రచారం చేశారు. 2012 జులై 1న లేబర్ ప్రభుత్వం తెచ్చిన, టన్ను కార్బన్ ఉద్గారాలకు 23 డాలర్ల ధర అమల్లోకి వచ్చింది, వయాలాకు ఆ గతి పట్టలేదు. చాలా పత్రికలు ఆ భయాన్ని హెడ్‌లైన్లు చేశాయి గానీ పాత మాట సంగతేంటని గట్టిగా నిలదీయలేదు. మీడియా చేయాల్సిన మొదటి పని అదే.

ఇది ప్రతి ఇంటి మీదా పడిన పన్ను అని చాలామంది అపోహ. కట్టింది భారీగా కాలుష్యం వదిలే కొన్ని వందల సంస్థలు. కరెంటు బిల్లులు పెరిగిన మాట నిజమే. అందుకే ఆదాయపు పన్ను మినహాయింపు పరిమితిని 6,000 నుంచి 18,200 డాలర్లకు పెంచారు. 2014లో అబాట్ ప్రభుత్వం కార్బన్ ధరను ఎత్తేసినా, ఆ పరిమితిని మాత్రం ముట్టుకోలేదు.