రెజ్లింగ్ మీద వాదించే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. అండర్‌టేకర్ గొప్పవాడా, స్టోన్ కోల్డ్ స్టీవ్ ఆస్టిన్ గొప్పవాడా అని హాస్టల్లో మొదలైన వాదన ముదిరి, మీ మిత్రులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేసేదాకా వచ్చిందని చదివి బాధపడ్డాను. నా స్నేహాలు చాలావరకు ఇలాంటి వాదనలతోనే గట్టిపడ్డాయి కనుక, ఈ చర్చ ఎలా నడిపితే బాగుంటుందో నాకు తెలిసినంత మేరకు రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు, దేన్ని ఆధారంగా తీసుకుని వాదించాలో మీరందరూ ఒక మాట అనుకోండి. ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో ఎవరు గెలవాలో, బెల్ట్ ఎవరి నడుముకు చేరాలో తెర వెనుక ముందే నిర్ణయిస్తారు. అలాంటప్పుడు ఫలానావాడు 16 సార్లు ఛాంపియన్ అయ్యాడు కాబట్టి అతనే గొప్పవాడన్న మాట, నడిపించేవాళ్లు అతన్ని అన్నిసార్లు నమ్ముకున్నారన్న సంగతిని మాత్రమే చెబుతుంది. అదేమీ చిన్న విషయం కాదు గానీ, దానితో వాదన తేలదు. రింగులో నిలబడ్డ మనిషి తన పాత్రను, కోపాన్ని, నొప్పిని వేలమంది చేత ఎంతవరకు నమ్మించగలిగాడు, అందుకోసం ఏమేం చేశాడు అన్నదే అసలైన ఆధారం. మా తరానికి అంకెలతో వాదించే అలవాటు ట్రంప్ కార్డుల వల్ల అబ్బింది. ఒక్కో కార్డు మీద రెజ్లర్ బొమ్మ, దాని కింద ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్ కొలతలు వరుసగా ఉండేవి. బరువు పిలిస్తే బరువెక్కువ ఉన్నవాడు ఎదుటివాడి కార్డు లాగేసుకునేవాడు. ఆ కార్డుల మీద నాకిప్పటికీ మమకారం ఉంది, కానీ కెనడా రెజ్లర్ బ్రెట్ హార్ట్ పనితనం ఆ కొలతల్లో ఎక్కడా కనిపించదు.

మీ చర్చలోకి ఎవరో ఒకరు వచ్చి "ఇదంతా ఉత్తుత్తి కుస్తీయే కదా" అనక మానరు. వాళ్ల మీద కోపం తెచ్చుకోవద్దు. మన పల్లెల్లో పద్యనాటకం చూసేవాళ్లకు రాయబారం ఫలించదని, యుద్ధం తప్పదని ముందే తెలుసు. అయినా కృష్ణుడి వేషం కట్టిన నటుడు పద్యం ఎత్తుకోగానే "వన్స్ మోర్" అని కేకలు పెడతారు. ఫలితం తెలియడం, తెలియకపోవడం అక్కడ ప్రధానం కాదని వాళ్లకు మెల్లగా చెప్పు. ఫలితం ముందే నిర్ణయమైనా, కింద పడే శరీరం మాత్రం నిజమైనదే. 1998 జూన్ 28న పిట్స్‌బర్గ్‌లో, రింగు చుట్టూ ఇనుప పంజరం దించి ఆడే హెల్ ఇన్ ఎ సెల్ మ్యాచ్‌లో అండర్‌టేకర్ తోసివేయగా మిక్ ఫోలీ సుమారు 16 అడుగుల ఎత్తున్న పంజరం మీద నుంచి వ్యాఖ్యాతల బల్ల మీద పడ్డాడు, ఆ దెబ్బలతోనే మళ్లీ పైకెక్కాడు. అయితే ఆ ప్రమాదాన్ని గొప్పతనానికి కొలబద్దగా పెట్టుకోవద్దని మరీ మరీ చెబుతున్నాను. 1999 మే 23న కాన్సాస్ సిటీలో బ్రెట్ తమ్ముడు ఓవెన్ హార్ట్‌ను పైకప్పు దగ్గర నుంచి రింగులోకి దించుతుండగా జారిపడి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఎవరు ఎక్కువ ఎత్తు నుంచి పడ్డారన్న పోటీ మీ నోట రాకూడదు.

ఇక రింగ్ పేర్ల విషయానికి వస్తే, పేరు వినడానికి బాగుందా లేదా అన్న చోట ఆగిపోవద్దు. ఆ పేరు ఆ మనిషిని ఏం చేసిందో చూడు. స్టీవ్ ఆస్టిన్‌ను 1996 ఆరంభంలో డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌లో (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ సంస్థ) రింగ్‌మాస్టర్ అన్న పేరుతో దింపారు. ఆ పేరులో అతని స్వభావం ఇసుమంతైనా లేదు. అతను వేరే పేరు అడిగితే, చలికి, మంచుకు సంబంధించిన పేర్ల జాబితా ఒకటి పంపారట, ఏదీ నచ్చలేదు. అప్పటి అతని భార్య టీ పెట్టి, రాయిలా చల్లారిపోకముందే తాగమని అంటే, ఆ మాటలోంచే స్టోన్ కోల్డ్ పుట్టిందని అతనే అనేకసార్లు చెప్పుకున్నాడు. అదే ఏడాది జూన్ 23న కింగ్ ఆఫ్ ది రింగ్ ఫైనల్లో జేక్ రాబర్ట్స్‌ను ఓడించి, బైబిల్‌లోని యోహాను 3:16 వాక్యాన్ని వెక్కిరిస్తూ ఆస్టిన్ 3:16 అన్న ఒక్క మాటతో ఆ పేరుకు ప్రాణం పోశాడు. మనిషి అదే, కండలు అవే. పేరు తనదయ్యాక గొంతు కూడా తనదైంది. రాక్ (డ్వేన్ జాన్సన్) విషయం కూడా దాదాపు ఇంతే. తండ్రి రాకీ జాన్సన్, తాత పీటర్ మైవియాల పేర్లు కలిపి 1996లో అతన్ని రాకీ మైవియాగా తెచ్చి, చిరునవ్వుల మంచి కుర్రవాడిలా నిలబెడితే, జనం చచ్చిపొమ్మని అరిచారు. మరుసటి ఏడాది నేషన్ ఆఫ్ డామినేషన్ ముఠాలో చేరి, ఆ తిరస్కారాన్నే తన పాత్రకు ముడిసరుకు చేసుకున్నాక అతను రాక్ అయ్యాడు. గ్లెన్ జేకబ్స్‌ను మొదట ఐజాక్ యాంకెమ్ అనే పళ్ల డాక్టర్‌గా, తర్వాత డీజిల్ అనే వేరే రెజ్లర్‌కు నకిలీగా చూపిస్తే ఎవరికీ పట్టలేదు. 1997 అక్టోబరు 5న ముసుగుతో, కేన్‌గా, అండర్‌టేకర్ తమ్ముడిగా వచ్చి పంజరం తలుపు ఊడబెరికిన నాటి నుంచి అతన్ని మరిచిపోయినవాళ్లు లేరు. మిక్ ఫోలీ అయితే 1998 జనవరిలో జరిగిన రాయల్ రంబుల్‌లో, అంటే ఒకరి తర్వాత ఒకరుగా రింగులోకి దిగే పోటీలో, ఒకే రాత్రి కాక్టస్ జాక్, మ్యాన్‌కైండ్, డూడ్ లవ్ అనే మూడు పేర్లతో మూడు సార్లు రింగులోకి వచ్చాడు. మూడింటిలో ఏది మంచి పేరు అన్న చర్చ మీకు ఒక రాత్రికి సరిపోతుంది.

పేర్ల గురించి వాదించేటప్పుడు కాలాన్ని కూడా దృష్టిలో పెట్టుకో. 1971 జనవరి 18న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో అప్పటి ఛాంపియన్ బ్రూనో సామార్టినోను ఓడించి హాలంతా మాట పడిపోయేలా చేసిన రష్యన్ ఇవాన్ కోలాఫ్ నిజానికి కెనడావాడు. జపాన్ సుమో యోధుడిగా చూపిన యోకోజునా అమెరికాలో పుట్టిన సమోవన్. ఐరన్ షేక్ మాత్రం నిజంగానే ఇరాన్‌వాడు. 1984 జనవరి 23న హల్క్ హోగన్ చేతిలో అతను ఓడినప్పుడు జనం అంతగా ఊగిపోవడానికి, టెహరాన్‌లో అమెరికన్లను బందీలుగా పట్టుకున్న ఉదంతం వాళ్లింకా మరిచిపోకపోవడం ఒక కారణం. ఆనాటి వార్తాపత్రికలోని శత్రువే సాయంత్రానికి రింగులో విలన్ అయ్యేవాడు. ఇది ఈనాటి కళ్లకు మొరటుగా కనిపిస్తే తప్పులేదు, ఆ మాట నిర్మొహమాటంగా చెప్పు. కానీ ఆ పాత్రను మోసిన మనిషి నైపుణ్యాన్ని దానితో కలిపి కొట్టిపారేయకు.

వైరాల గురించి మాట్లాడేటప్పుడు నువ్వు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: వీళ్లిద్దరూ ఎందుకు కొట్టుకుంటున్నారు? ఆ కారణాన్ని రెండు ముక్కల్లో చెప్పగలిగితే ఆ వైరం బలమైనది. ఆస్టిన్‌కూ, తెర మీద యజమాని పాత్ర వేసిన అప్పటి సంస్థ అధినేత విన్స్ మెక్‌మాన్‌కూ నడిచిన వైరాన్ని చూడు: యజమాని మాట వినని పనివాడు, పనివాణ్ణి లొంగదీయాలని చూసే యజమాని. కాకినాడలో ఉన్నా కరీంనగర్‌లో ఉన్నా, పనిచేసే చోట పడ్డ అవమానాన్ని దిగమింగుకున్న ప్రతి మనిషికీ అది వివరించకుండానే అర్థమైంది. ఆ యజమాని పాత్ర అంతగా పండటానికి వెనుక ఒక నిజమైన సంఘటన ఉంది. 1997 నవంబరు 9న కెనడాలోని మాంట్రియల్‌లో, సంస్థ వదిలి వెళ్లిపోతున్న బ్రెట్ హార్ట్ తన సొంత దేశంలో షాన్ మైఖేల్స్‌కు టైటిల్ వదులుకోవడానికి ఒప్పుకోకపోతే, అతను లొంగకుండానే గంట కొట్టించి విన్స్ మెక్‌మాన్ ఫలితం మార్చేశాడు. దీని మీద వాదించేటప్పుడు కథలోని మాటను, తెర వెనుక జరిగినదాన్ని కలగాపులగం చేయవద్దు. బ్రెట్‌ది న్యాయమా, విన్స్‌ది వ్యాపార ధర్మమా అన్నది నిజజీవితపు ప్రశ్న. ఆ మ్యాచ్ ఎలా ఉందన్నది వేరే ప్రశ్న. నా మటుకు నేను బ్రెట్ పక్షమే, అతను మోసపోయాడనే అంటాను. బ్రెట్, షాన్‌లు 2010 జనవరి 4న రింగులోనే చేతులు కలిపారని కూడా మీ మిత్రులకు గుర్తు చెయ్యి.

క్లాసిక్ మ్యాచ్ ఏదన్న చర్చలో నేను నీకు చెప్పగలిగిన నియమం, మ్యాచ్ మొత్తం చూడకుండా నోరు విప్పకూడదన్నదే. ఇప్పుడు మీరంతా రెండు నిమిషాల ముక్కలు చూసి తీర్పులు చెబుతున్నారు. 1997 మార్చి 23న షికాగో దగ్గర జరిగిన రెసిల్‌మేనియా 13లో (ఆ సంస్థ ఏటా జరిపే అతిపెద్ద ప్రదర్శన అది) బ్రెట్, ఆస్టిన్‌ల మ్యాచ్‌ను మొదటి నుంచి చూడు. ప్రత్యర్థి లొంగిపోయేదాకా సాగే మ్యాచ్ అది. బ్రెట్ మంచివాడిగా వచ్చాడు, ఆస్టిన్ చెడ్డవాడిగా వచ్చాడు. చివర్లో ఆస్టిన్ కాళ్లు మెలిపెట్టే షార్ప్‌షూటర్ పట్టులో చిక్కుకుని, నుదుటి నుంచి రక్తం పళ్ల మధ్యకు కారుతూ ఉంటే, చేతులు నేలకు ఆనించి పైకి లేవడానికి అరుస్తూ పెనుగులాడతాడు. ఒకసారి పట్టు సడలినట్లే అనిపిస్తుంది, మళ్లీ బిగుస్తుంది. అతను లొంగలేదు, స్పృహ తప్పాడు. రెఫరీగా ఉన్న కెన్ షామ్‌రాక్ మ్యాచ్ ఆపాక కూడా బ్రెట్ పడిపోయినవాణ్ణి కొట్టడం మానలేదు. అప్పుడు హాల్లోని శబ్దాన్ని జాగ్రత్తగా విను. గెలిచిన బ్రెట్‌ను ఛీకొడుతూ, ఎవరి సాయమూ తీసుకోకుండా కుంటుకుంటూ పోతున్న ఆస్టిన్‌ను పేరు పెట్టి పిలుస్తూ, జనం ఒకే మ్యాచ్‌లో హీరోను, విలన్‌ను తారుమారు చేశారు. ఓడినవాడు ఇంతెత్తున ఎదగడం నేను మరెక్కడా చూడలేదు. అందుకే గెలుపోటముల పట్టికతో వాదించవద్దని మొదట్లోనే చెప్పాను.

దీనికి పక్కనే 1987 మార్చి 29 నాటి రెసిల్‌మేనియా 3 పెట్టుకో. ఆ రోజు ర్యాండీ సావేజ్, రికీ స్టీమ్‌బోట్‌లు 15 నిమిషాల లోపు ఆడిన మ్యాచ్‌లో ప్రతి అడుగునూ ముందే రాసుకుని, ఒకరికొకరు అప్పజెప్పుకుని మరీ వచ్చారు. అదే రోజు హోగన్ చేతిలో ఓడిన ఆండ్రే ద జెయింట్ వెన్ను నొప్పితో సరిగా కదలలేని స్థితిలో ఉన్నాడు. పట్లు, ఎత్తులు చూస్తే అది సాధారణమైన మ్యాచ్. అయినా హోగన్ అతన్ని ఎత్తి కుదేసిన క్షణం ఈనాటికీ చెక్కుచెదరలేదు. పనితనానికి ఒకటి, క్షణానికి ఒకటి అని రెండింటికీ పీట వేయగలిగితేనే మీ చర్చ ముందుకు సాగుతుంది. ఆండ్రేను అంతకుముందు ఎవరూ ఎత్తలేదన్నది కథ కోసం చెప్పిన మాట. 1980లోనే షే స్టేడియంలో హోగన్ అతన్ని ఎత్తి పడేశాడు. ఆనాడు 93,173 మంది వచ్చారన్న లెక్క మీద కూడా వివాదం ఉంది. వ్యాఖ్యాత చెప్పిన ప్రతి మాటనూ చరిత్రగా ఉదహరించకు.

మనవాళ్ల సంగతి వస్తే అభిమానం పొంగుతుంది, అది సహజం. 2023 సెప్టెంబరు 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో జాన్ సీనా భారతదేశంలో తన మొదటి మ్యాచ్ ఆడినప్పుడు తెలుగు అభిమానులు ఎంత పండగ చేసుకున్నారో నీకు తెలుసు. గ్రేట్ ఖలీ గురించి మాత్రం న్యాయంగా మాట్లాడు. 2007 జులైలో అతను వరల్డ్ హెవీవెయిట్ ఛాంపియన్ అయినందుకు మనం గర్వపడ్డాం. అయినా పట్లలో, కదలికలో అతన్ని బ్రెట్ సరసన నిలబెట్టలేం. 2006 ఏప్రిల్‌లో మొదటిసారి వచ్చి అండర్‌టేకర్ ఎదుట నిలబడితే, అంతటి అండర్‌టేకర్ కూడా చిన్నగా కనిపించాడు. ఖలీ బలం ఆ నిలబడటంలో ఉంది, దాని గురించి మాట్లాడు.

వచ్చే ఆదివారం అండర్‌టేకర్, ఆస్టిన్‌ల గొడవను పక్కన పెట్టి, అందరూ కలిసి 1994 మార్చి 20 నాటి రెసిల్‌మేనియా 10లో అన్నదమ్ములు బ్రెట్, ఓవెన్‌లు ఆడిన మొదటి మ్యాచ్ పూర్తిగా చూడండి. అందులో తమ్ముడు గెలుస్తాడు. అదే రాత్రి చివర్లో అన్న యోకోజునాను ఓడించి ఛాంపియన్ అవుతాడు. ఆ మొదటి మ్యాచ్‌లో ఓవెన్‌ను గెలిపించడం సరైన నిర్ణయమేనా అన్న ఒక్క అంశం మీదే వాదించుకుని, ఎవరు ఏ పక్షాన నిలిచారో, ఏ పట్టును, ఏ క్షణాన్ని సాక్ష్యంగా చూపించారో నాకు వివరంగా రాయి. నేనైతే ఓవెన్ గెలవవలసిందేనంటాను. నా కారణాలు మీ వాదన చదివాక రాస్తాను.

ఇట్లు,
మీ మామయ్య